నాటు తేదీ కన్నా ముందు పూత తేదీ చూసుకోండి

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. కాలువ కింద మూడెకరాలు, బావి కింద రెండెకరాలు ఉన్నాయి. పోయిన వానాకాలంలో కాలువ నీళ్లు ఆలస్యం కావడంతో సాంబ మసూరి నారు జూలై ఆఖరి వారంలో పోసి, ఆగస్టు చివర నాటు వేశాను. ఆలస్యమైందని ఒక బస్తా యూరియా ఎక్కువే వేశాను. పైరు పచ్చగా, దుబ్బుగా పెరిగింది కానీ కంకులు పొట్టలోంచి సగమే బయటికి వచ్చాయి, తాలు ఎక్కువైంది. ఎకరాకు 14 క్వింటాళ్లు దాటలేదు. అదే దుకాణంలో, అదే విత్తనం కొన్న మా పాలివారు జూన్ రెండో వారంలో నారు పోశారు. వారికి ఎకరాకు 24 క్వింటాళ్లు వచ్చాయి. యాసంగిలో 1010 రకం డిసెంబరు ఆఖరున నారు పోస్తే ఏప్రిల్ మొదటి వారంలో పూతకు వచ్చింది. మళ్లీ తాలే. వడ్లు మర పట్టిస్తే సగం నూకలయ్యాయి. ఇది విత్తనం లోపమా, తెగులా? నారు పోసే తేదీ మారితేనే ఇంత తేడా వస్తుందా? ఈసారి ఎప్పుడు పోయమంటారు?

జవాబు: మీరు తేదీలతో సహా వివరంగా రాసినందువల్ల జవాబు చెప్పడం తేలికయింది. విత్తనంలో లోపం ఉంటే మీ పాలివారి పొలంలో కూడా కనబడి ఉండేది. తెగులు గురించి తర్వాత చెబుతాను. మీ రెండు పంటలనూ దెబ్బతీసింది ప్రధానంగా కాలమే. వానాకాలంలో మీ పైరు చలికి చిక్కింది, యాసంగిలో ఎండకు చిక్కింది. రెండుసార్లూ తాలు పట్టిందన్న మాట ఒకటే అయినా, గింజ లోపల జరిగిన నష్టం రెండు వేర్వేరు రోజుల్లో, రెండు వేర్వేరు కారణాల వల్ల జరిగింది.

వరి జీవితకాలాన్ని మూడు భాగాలుగా చూడాలి. నారు పోసిన నాటి నుంచి పిలకలు పెట్టడం ముగిసేవరకు మొదటి భాగం. కాండం అడుగున కంటికి కనిపించని కంకి అంకురం ఏర్పడిన రోజు నుంచి పూత వరకు రెండో భాగం. పూత నుంచి కోత వరకు మూడో భాగం. మన ప్రాంతంలో రెండో భాగానికి సుమారు 35 రోజులు, మూడో భాగానికి సుమారు 30 రోజులు పడుతుంది, ఈ లెక్క దాదాపు అన్ని రకాలకూ వర్తిస్తుంది. 120 రోజుల రకానికీ 150 రోజుల రకానికీ ఉన్న తేడా అంతా మొదటి భాగంలోనే ఉంటుంది. అంటే మీ రకం మొత్తం కాలం తెలిస్తే, అందులో చివరి 30 రోజులు తీసేసి పూత ఏ తారీఖుకు వస్తుందో నారు పోసే రోజునే చెప్పగలం. చాలామంది రైతులు నీళ్లు ఎప్పుడు వచ్చాయి, కూలీలు ఎప్పుడు దొరికారు అన్నదాన్ని బట్టి నాటు తేదీని ఖాయం చేసుకుని, పూత ఎప్పుడు వస్తే అప్పుడు వస్తుందిలే అనుకుంటారు. నా అభిప్రాయంలో లెక్క అక్కడే తలకిందులవుతోంది. ముందు పూత తేదీని ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి నారు పోయాలి.

ఎందుకంటే వరి మిగతా దశల్లో చాలా కష్టాలను తట్టుకుంటుంది. పిలక దశలో వారం రోజులు నీరు తక్కువైనా, మబ్బులు పట్టినా తర్వాత కోలుకుంటుంది. కానీ పొట్ట దశలోనూ పూత సమయంలోనూ జరిగిన నష్టం పూడదు. కంకి బయటికి రావడానికి సుమారు 10, 12 రోజుల ముందు, పోటాకు, అంటే కంకికి ముందు వచ్చే చివరి ఆకు, ఇంకా విచ్చుకుంటున్న రోజుల్లో, కంకిలోని ప్రతి పువ్వులో పుప్పొడి తయారవుతుంది. ఆ రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టుపక్కలకు పడిపోయి కొన్ని రాత్రులు అలాగే ఉంటే పుప్పొడి గొడ్డుబోతుంది. పైకి పైరు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఆకు పచ్చగా ఉంటుంది, కంకి కూడా వస్తుంది, కానీ పువ్వు గింజ కట్టదు. కంకి మెడ సాగక పొట్టలోనే సగం చిక్కుకుపోవడం కూడా చలి తగిలిన గుర్తే. మీరు రాసిన లక్షణం సరిగ్గా ఇదే.

మీ తేదీలతో లెక్క చూద్దాం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సుమారు 150 రోజుల పంట. జూలై 28న నారు పోస్తే మామూలు లెక్కన నవంబరు 25కు పూత రావాలి. వరి స్వభావరీత్యా పగలు కురచయ్యే కొద్దీ పూతకు తొందరపడే మొక్క. దీర్ఘకాలిక రకాల్లో చాలావాటికి ఈ గుణం ఎంతో కొంత మిగిలి ఉంది కాబట్టి ఆలస్యంగా పోసిన పైరు కొన్ని రోజులు ముందుగా ఈనుతుంది. అలా చూసినా మీకు పూత నవంబరు మధ్యలో, పుప్పొడి తయారయ్యే దశ నవంబరు మొదటి వారంలో వచ్చి ఉంటుంది. ఉత్తర తెలంగాణలో అప్పటికి రాత్రులు చల్లబడతాయి, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో 15 డిగ్రీలకు దగ్గరగా రావడం కొత్త కాదు. మీ పాలివారి పైరు జూన్ రెండో వారంలో మొదలై అక్టోబరు పది ప్రాంతంలో పూతకు వచ్చింది. అప్పటికి రాత్రులు వెచ్చగా ఉంటాయి, నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే సమయం కాబట్టి మబ్బులు విడిపోయి ఎండ నిలకడగా కాస్తుంది. ఎండ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. గింజలోకి చేరే పిండిపదార్థంలో ఎక్కువ భాగం పూతకు ముందు, తర్వాత ఆకు తయారు చేసిందే కాబట్టి, ఆ నెలన్నర రోజులలో ఎంత ఎండ దొరికిందన్నదే గింజ బరువును నిర్ణయిస్తుంది. సాగు బాగున్నప్పుడు యాసంగి దిగుబడి వానాకాలం కన్నా ఎక్కువ రావడానికి ముఖ్యమైన కారణం ఈ ఎండే.

ఆలస్యానికి ఇంకో నష్టం కూడా ఉంది. పైరు తొందరపడి ఈనిందని చెప్పాను కదా, ఆ తగ్గిన రోజులన్నీ పిలక దశలోంచే పోతాయి. పిలకలు తగ్గితే కంకులు తగ్గుతాయి. సాంబ మసూరి సన్న గింజ రకం, వెయ్యి గింజలు తూచితే 15 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. గింజ అంత తేలికైనప్పుడు ఆ రకం దిగుబడి మొత్తం కంకుల సంఖ్య మీద, కంకిలో నిండిన గింజల సంఖ్య మీద ఆధారపడుతుంది. మీకు ఆ రెండూ తగ్గాయి.

మీరు ఎక్కువగా వేసిన యూరియా గురించి కూడా చెప్పాలి. నాటు ఆలస్యమైనప్పుడు పైరును తొందరగా పెంచుదామని యూరియా పెంచడం చాలా ఊళ్లలో చూస్తున్నదే. అది మేలు చేయదు. నత్రజని ఎక్కువై లేతగా ఉన్న పైరులో చలి వల్ల కలిగే తాలు మరింత పెరుగుతుంది. అంతేకాక అక్టోబరు, నవంబరు నెలల్లో మంచు కురిసే చల్లని రాత్రుల్లో అగ్గితెగులు అలాంటి పైరునే ముందు పట్టుకుంటుంది. సాంబ మసూరి అగ్గితెగులును తట్టుకోలేని రకం. అందుకే తెగులును పూర్తిగా కొట్టిపారేయను. మీ కంకుల మెడ దగ్గర కణుపు నల్లబడి, కంకి అక్కడ విరిగి వేలాడి ఉంటే నష్టంలో అగ్గితెగులుకు కూడా భాగం ఉంది. కంకి తెల్లగా ఉండి, పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తే అది మొగి పురుగు పని. ఆలస్యంగా నాటిన పొలాల్లో దాని ఉధృతి, ఉల్లికోడు అనే మరో పురుగు ఉధృతి కూడా ఎక్కువగా ఉంటాయి. ఈ రెండు గుర్తులూ లేకుండా కంకి పొట్టలో చిక్కి, గింజలు అక్కడక్కడ పచ్చి తాలుగా ఉండిపోతే చలే కారణం.

ఇక యాసంగి సంగతి. ఎంటీయూ 1010, అంటే కాటన్ దొర సన్నాలు, మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 2000 సంవత్సరంలో వచ్చిన రకం. వానాకాలంలో 120 రోజులకు కోతకు వస్తుంది, యాసంగిలో నారు చలిలో నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి వారం, పది రోజులు ఎక్కువ తీసుకుంటుంది. డిసెంబరు 30 ప్రాంతంలో పోసిన నారు ఏప్రిల్ 4 ప్రాంతంలో పూతకు వచ్చిందంటే లెక్క సరిపోయింది. వరి పువ్వు ఉదయం తొమ్మిది గంటల తర్వాత విచ్చుకోవడం మొదలై, పది, పదకొండు గంటల మధ్య ఎక్కువగా విచ్చుకుని, గంట, గంటన్నరలో మూసుకుంటుంది. రాలిన పుప్పొడి కొన్ని నిమిషాలే బతుకుతుంది. ఆ కొద్దిసేపట్లో కంకి దగ్గర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే సుంకు, అంటే పుప్పొడి సంచి, సరిగా పగలదు, పుప్పొడి ఎండిపోతుంది, గింజ కట్టదు. మార్చి మొదటి వారంలో ఆ వేళకు వాతావరణం ఇంకా అనుకూలంగానే ఉంటుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలకు చేరే రోజుల్లో పదకొండు గంటలకే ఆ హద్దు దాటిపోతుంది. ఒక కంకిలోని పువ్వులన్నీ విచ్చుకోవడానికి వారం రోజులు పడుతుంది కాబట్టి, వేడి రోజులు ఎన్ని తగిలితే తాలు అంత పెరుగుతుంది.

పగటి వేడితో పాటు రాత్రి వేడి కూడా దిగుబడిని తింటుంది. పగలు ఆకు తయారు చేసిన ఆహారంలో కొంత భాగాన్ని మొక్క రాత్రి శ్వాసలో ఖర్చు చేస్తుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో 1979 నుంచి 2003 వరకు నమోదు చేసిన వాతావరణాన్ని అక్కడి వరి దిగుబడులతో సరిచూసి, ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గిందని 2004లో ప్రకటించింది. ఆ అంకెను మన పొలాలకు యథాతథంగా అంటగట్టలేం కానీ, ఏప్రిల్, మే రాత్రుల్లో గింజ నిండే పైరుకు నష్టం ఏ దిశలో ఉంటుందో అది స్పష్టంగా చెబుతోంది.

మీ వడ్లు నూకలు కావడం కూడా ఇందులో భాగమే. గింజ గట్టిపడే రోజుల్లో పగటి వేడి విపరీతంగా ఉంటే గింజ లోపల సన్నని పగుళ్లు ఏర్పడతాయి, మర పట్టేటప్పుడు అక్కడే విరుగుతుంది. తెలంగాణలో యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా కాకుండా ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మార్చడానికి కారణం ఇదే; ఉడకబెట్టినప్పుడు పగుళ్లు అతుక్కుంటాయి. కోత ఏప్రిల్ తొలి రోజులకే ముగిసే పొలంలో నూక శాతం తగ్గుతుంది. వడగండ్ల భయం కూడా తగ్గుతుంది. 2023లో మార్చి, ఏప్రిల్ నెలల్లో పడిన వడగండ్ల వానలకు కోతకు వచ్చిన పొలాల్లో గింజలు నేలరాలడం మీరు చూసే ఉంటారు.

అలాగని యాసంగిలో మరీ ముందుకు జరగడం కూడా క్షేమం కాదు. నవంబరు మొదటి తారీఖునే నారు పోస్తే పూత ఫిబ్రవరి మధ్యలో వస్తుంది, పుప్పొడి తయారయ్యే రోజులు జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో పడతాయి. అవి ఇంకా చలి రాత్రులే. వానాకాలంలో మీరు చూసిన తాలే మళ్లీ కనిపిస్తుంది. కాబట్టి మీ ప్రాంతంలో 1010 వంటి స్వల్పకాలిక రకానికి నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు పది వరకు నారు పోసే సమయంగా పెట్టుకోండి. నవంబరు 25న పోస్తే మార్చి 5 ప్రాంతంలో పూత, ఏప్రిల్ మొదటి వారంలో కోత. ఆ మధ్య రోజులు చలికీ ఎండకీ నడుమ దొరికే సందు.

ఆ సమయంలో పోసిన నారు చలికి ఎర్రబడి గిడసబారుతుందని మీకు అనుభవమే. దానికి మందుల కన్నా పని ముఖ్యం. విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, మండె కట్టడాన్ని (నానిన విత్తనాన్ని కప్పి మొలకెత్తించడాన్ని) వానాకాలంలోలా ఒక రోజుతో ఆపకుండా మొలక సరిగా వచ్చేవరకు, అవసరమైతే 48 గంటల వరకు ఉంచండి. నారుమడిలో భాస్వరం ఎరువును వానాకాలం కన్నా రెట్టింపు వేయండి. రాత్రంతా చల్లబడిన నీటిని ఉదయమే తీసేసి, బావి నీరు కొత్తగా పెట్టండి. చలి తీవ్రంగా ఉన్న రోజుల్లో కర్రలు పాతి వాటి మీద పాలిథిన్ పట్టా గాని యూరియా సంచులు కుట్టిన పరదా గాని సాయంత్రం కప్పి, ఉదయం తీసేయండి. జింకు లోపం కనిపిస్తే లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేయండి.

ఇప్పుడు వానాకాలానికి తేదీలు. మీ పొలానికి పూత అక్టోబరు 13 ప్రాంతంలో రావాలని పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టండి. 150 రోజుల రకానికి పూత వరకు 120 రోజులు కాబట్టి నారు జూన్ 15న పడాలి. 135 రోజుల రకమైతే జూన్ 30. 125 రోజుల రకమైతే జూలై 10. ఇవి గీత గీసినట్టుండే తేదీలు కావు, అయిదారు రోజులు అటూ ఇటూ అయినా ప్రమాదం లేదు. స్వల్పకాలిక రకాన్ని జూలై 25 వరకు కూడా సాగదీయవచ్చు, అప్పుడు పూత అక్టోబరు ఆఖరు వారంలో వస్తుంది, చలి ఇంకా ముదరదు. కానీ జూన్ 25 దాటాక సాంబ మసూరి నారు పోయవద్దు. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చిన తర్వాత చాలామంది రైతులు ఎంత ఆలస్యమైనా ఆ రకాన్నే పట్టుకుని ఉంటున్నారు. బోనస్ గింజకు వస్తుంది, తాలుకు రాదు. సన్న గింజే కావాలనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం నుంచి 2015లో వచ్చిన తెలంగాణ సోన, ఆర్ఎన్ఆర్ 15048, సుమారు 125 రోజుల రకం. అగ్గితెగులును కూడా తట్టుకుంటుంది. ఆలస్యమైన వానాకాలంలో మీకు నేను సూచించేది అదే.

మీకున్న అసలు ఇబ్బంది కాలువ నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియకపోవడం. దానికి మీ బావి ఉపయోగపడుతుంది. ఎకరానికి రెండు గుంటల నారుమడి చాలు కాబట్టి మూడెకరాలకు ఆరు గుంటలు బావి కింద సిద్ధం చేసుకుని, కాలువ కోసం ఎదురుచూడకుండా నారు పోసుకోవచ్చు. అయితే నారు పోసేశాక నీళ్లు రాకపోతే నారు ముదిరిపోతుంది. రకం ఎన్ని నెలల పంట అయితే అన్ని వారాల నారు నాటాలన్నది పాత లెక్క, అది ఇప్పటికీ సరైనదే. 150 రోజుల రకానికి ఐదు వారాలు, 125 రోజుల రకానికి నాలుగు వారాలు. స్వల్పకాలిక రకం నారు ముదిరితే నాటిన కొద్ది రోజులకే ఈనడం మొదలుపెడుతుంది, దానికి మందు లేదు. కాబట్టి జూన్ మధ్యనాటికి ప్రాజెక్టులో నీటి మట్టం, విడుదల ప్రకటన చూసి, జూలై మూడో వారానికల్లా నీరు చేరుతుందన్న నమ్మకం ఉంటేనే సాంబ మసూరి నారు పోయండి. ఆ నమ్మకం లేకపోతే ఆగి, జూలైలో తెలంగాణ సోన పోయండి. బావి కింద ఉన్న రెండెకరాలకు ఈ సందేహం లేదు, అక్కడ జూన్ 15నే మొదలుపెట్టండి.

అన్నీ అనుకున్నా నాటు ఆలస్యమై, ముదురు నారే నాటాల్సి వస్తే మూడు మార్పులు చేయండి. కుదుళ్లను దగ్గర చేసి, చదరపు మీటరుకు 33కు బదులు 44 ఉండేలా చూడండి. కుదురుకు రెండు మూడు మొక్కలకు బదులు నాలుగైదు పెట్టండి, ఎందుకంటే కొత్త పిలకలకు ఇక సమయం లేదు. సిఫారసు చేసిన నత్రజనిలో 70 శాతం దమ్ములోనే వేసి, మిగతా 30 శాతం అంకురం ఏర్పడే దశలో వేసి ఆపేయండి. నాటుకు బదులు దమ్ము చేసిన పొలంలో మొలక కట్టిన విత్తనాన్ని డ్రమ్ సీడర్‌తో గాని, వెదజల్లి గాని వేస్తే పంట ఏడు నుంచి పది రోజులు ముందుగా వస్తుంది, ఎందుకంటే నారు పీకి నాటినప్పుడు మొక్క తిరిగి వేరు పట్టడానికి పోయే రోజులు మిగులుతాయి. కలుపును మొదటి నెల అదుపులో ఉంచగలిగిన వారికి ఇది మంచి మార్గం.

పైరు పొట్ట దశలో ఉండగా హఠాత్తుగా చలి రాత్రులు వస్తాయని వాతావరణ శాఖ చెబితే, ఆ వారం రోజులు పొలంలో నీటిని మామూలు కన్నా ఎత్తుగా, జానెడు వరకు నిలపండి. ఆ దశలో కంకి ఇంకా కాండం కింది భాగంలోనే ఉంటుంది, రాత్రి గాలి కన్నా నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి కంకికి కొంత రక్షణ దొరుకుతుంది. బావి నీరు పెట్టే వీలుంటే ఇంకా మంచిది. యాసంగిలో పూత సమయంలో ఎండ పెరిగితే పొలం ఒక్క రోజు కూడా ఆరనివ్వకండి. వేరుకు నీరు అందుతున్నంతసేపూ ఆకు ద్వారా ఆవిరి పోయి కంకి చుట్టూ ఉష్ణోగ్రత బయటి గాలి కన్నా తక్కువగా ఉంటుంది. పూత విచ్చుకునే ఉదయం వేళ మందులు పిచికారీ చేయకండి, సాయంత్రానికి మార్చుకోండి.

ఈ లెక్కలు మీ ప్రాంతానికి చెప్పినవి. కోస్తా డెల్టాల్లో రాత్రులు ఇంత చల్లబడవు, అక్కడి రైతును ఆలస్యం దెబ్బతీసేది తుపాను రూపంలో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోత కోసి పనల మీద ఉన్న వరి, కోతకు సిద్ధంగా ఉన్న వరి నీట మునిగాయి. అక్కడివారు పూత తేదీతో పాటు కోత తేదీని కూడా చూసుకోవాలి. మీ బంధువులెవరైనా అటు ఉంటే వారి తేదీలు చూసి మీరు నారు పోయకండి, మీ తేదీలు వారికి చెప్పకండి.

ఈసారి నారు పోసిన రోజు, నాటిన రోజు, పొలంలో సగం కంకులు బయటికి వచ్చిన రోజు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. మీ నేలలో, మీ నీటితో ఆ రకం పూతకు ఎన్ని రోజులు తీసుకుందో తెలిస్తే, వచ్చే ఏడాది నేను లెక్కేసిన అంకెల (150 రోజుల రకానికి 120, 125 రోజుల రకానికి 95) స్థానంలో మీ సొంత అంకె పెట్టుకోవచ్చు.